మస్టాంగ్ స్టీరింగ్‌కి మళ్లీ చెక్క చారలు: పది నెలలు, రెండు ప్రయత్నాలు

2024 సెప్టెంబరు 21, శనివారం సాయంత్రం మా కారుకి స్టీరింగ్ మళ్లీ ఎక్కింది. దాన్ని మొదటిసారి విప్పింది 2023 నవంబరు 4న. మధ్యలో ఒకసారి బాగుచేయించి బిగించాను. అది పాడైతే మళ్లీ విప్పాను. మొత్తం 1,128 డాలర్లు ఖర్చయ్యాయి, అందులో 810 డాలర్లు వృథాగా పోయాయి. చెక్క రంగు స్టీరింగ్ ఉన్న పాత కారు కొన్న మనవాళ్లెవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కారు 1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్. 2023 సెప్టెంబరులో, టెక్సస్‌లో మేముండే ప్లేనోకి రెండు గంటల దూరంలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. దాని ఛాసిస్ నంబరు 6టి07సితో మొదలవుతుంది. 6 అంటే 1966. టి అంటే న్యూజెర్సీలోని మెటచెన్ ప్లాంట్. పేరుకి మెటచెన్ కానీ ప్లాంట్ ఉన్నది ఎడిసన్‌లో, రూట్ 1 పక్కన. 2009లో నేను అమెరికా వచ్చి మొదటి మూడేళ్లు ఉన్నది ఎడిసన్‌లోనే. ప్లాంట్ 2004లోనే మూతపడింది. ఆ రోడ్డు మీద కొన్ని వందలసార్లు తిరిగాను, అక్కడ మస్టాంగ్‌లు తయారయ్యేవని అప్పుడు నాకు తెలీదు. కారు నంబరులో ఆ అక్షరం చూసినప్పుడు సొంత ఊరివాడు ఎదురైనట్టు అనిపించింది.

డ్రైవర్ డోర్ మీద రేకులో 65బి అని ఉంది. సీట్ల వీపు మీద పరిగెత్తే గుర్రాలు, డ్యాష్‌బోర్డు మీద వాల్‌నట్ చెక్క రంగు, చెక్కలా కనిపించే స్టీరింగ్, ఇవన్నీ ఉండే ఖరీదైన ఇంటీరియర్‌కి ఆ కోడ్ వేసేవాళ్లు. అంటే స్టీరింగ్ తర్వాత ఎవరో తెచ్చి తగిలించింది కాదు, ఈ కారుకి మొదట్నుంచీ ఉన్నదే. అందుకే నకలు కొనడానికి మనసొప్పలేదు. పాతది బాగుచేయించడానికి అయ్యే ఖర్చులో సగానికే కొత్త నకలు చక్రం వస్తుంది. మా ఆవిడ రెండుసార్లు అడిగింది, "కొత్తది కొనేయొచ్చుగా?" అని. యాభై ఏడేళ్లు ఎవరెవరి చేతులో పట్టుకుని తిప్పిన చక్రం అది. తీసి పక్కన పడేయలేకపోయాను.

దాని పరిస్థితి మాత్రం బాగోలేదు. రిమ్‌కి స్పోకులు కలిసే చోట్ల, కింది భాగంలో కలిపి ఏడు పగుళ్లు. రెండింటిలో గోరు దూరేది. చేతులు ఎక్కువగా పట్టుకునే చోట గోధుమరంగు పూర్తిగా పోయి, లోపలి పాలిపోయిన రంగు బయటపడింది. వేసవిలో పట్టుకుంటే జిగటగా ఉండేది. చూడటానికి చెక్కలా ఉన్నా అది చెక్క కాదు. లోపల ఉక్కు కమ్మి, దాని మీద ప్లాస్టిక్, ఆ ప్లాస్టిక్ మీద చెక్క చారల రంగు. ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, లోపలి ఉక్కు కుంచించుకోదు. అందుకే పగులుతుంది.

విప్పడం నేననుకున్నంత కష్టం కాలేదు, కానీ అందులో మూడు విషయాలు ముందే తెలుసుకుని ఉండటం నన్ను కాపాడింది. మొదట బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, లేకపోతే హారన్ భాగం ఊడదీస్తుంటే హారన్ మోగుతూనే ఉంటుంది. రెండోది, నట్ పూర్తిగా తీసేయకుండా నాలుగైదు చుట్లు ఉంచాలి. చక్రాన్ని పైకి లాగే పుల్లర్ అనే పనిముట్టు బిగిస్తుంటే చక్రం ఒక్కసారిగా ఊడివస్తుంది, ఆ నట్ లేకపోతే నేరుగా మొహానికి తగులుతుంది. మూడోది, విప్పేముందు చక్రం మీదా లోపలి షాఫ్ట్ (చక్రం బిగించే ఇరుసు) మీదా ఒకే వరసలో తెల్ల గీత పెట్టుకోవాలి. షాఫ్ట్ మీది పళ్లలో ఒక్క పన్ను అటూ ఇటూ అయినా కారు తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ వంకరగా ఉంటుంది. సుత్తితో మాత్రం కొట్టకూడదు, లోపలి బేరింగులు పోతాయి. పుల్లర్ కొనక్కర్లేదు. ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని ఇస్తారు, తిరిగి ఇచ్చేస్తే డబ్బంతా వెనక్కి వస్తుంది.

నేను చేసిన పెద్ద తప్పు కూడా ఆ రోజే జరిగింది. పాత రంగు గుర్తుండాలని ఫోటోలు తీశాను, కానీ రాత్రి గ్యారేజీ బల్బు వెలుతురులో తీశాను. ఫోటోలన్నీ పసుపుగా వచ్చాయి. పగటి వెలుతురులో, పక్కన తెల్ల కాగితం పెట్టి తీసి ఉంటే తర్వాత ఇంత గొడవ ఉండేది కాదు.

నవంబరు 6న వేరే రాష్ట్రంలో స్టీరింగ్‌లు బాగుచేసే ఒక షాపుకి పంపాను. 690 డాలర్లు అడ్వాన్సుగా కట్టించుకున్నారు. బీమాతో పంపడానికి 58, తిరిగి రావడానికి 62. పది వారాల్లో అయిపోతుందన్నారు. జనవరి చివర్లో ఫోన్ చేస్తే "మీది వరసలో ఉంది" అన్నారు. మార్చిలో చేసినా అదే మాట. స్టీరింగ్ లేని కారు గ్యారేజీలో ఒక మూల నించుండిపోయింది. రోజూ ఆఫీసుకెళ్తూ దాన్ని చూసినప్పుడల్లా ఒకటే టెన్షన్: పార్శిల్ పోతే? వాళ్లు వేరేవాళ్ల చక్రంతో మార్చేస్తే? అలా అవుతుందని కాదు, ఎదురుచూపులో మనిషికి ఇలాంటివే తోస్తాయి. పంపేముందు హబ్ (చక్రం మధ్య భాగం) వెనక పక్క నాకు మాత్రమే తెలిసేలా చిన్న గుర్తు గీసి ఉంచాను. దాన్ని తలుచుకునే ధైర్యం తెచ్చుకునేవాణ్ణి.

పది వారాలన్నది ఇరవై రెండు వారాలయింది. పార్శిల్ ఏప్రిల్ 9న వచ్చింది, సరిగ్గా ఉగాది రోజు. పచ్చడి తిని పెట్టె విప్పాం. అద్దంలా మెరుస్తోంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ చాలా సంతోషపడ్డాను. మర్నాడు పొద్దున ఎండలోకి తెచ్చి చూస్తే అది ఎర్రగా ఉంది. తిరుపతిలో అమ్మే ఎర్రచందనం బొమ్మలు చూశారుగా, ఆ ఎరుపు. డ్యాష్‌బోర్డు మీది వాల్‌నట్ గోధుమరంగుకి దీనికి సంబంధమే లేదు. మీరు పంపిన ఫోటోల్లో ఇలాగే ఉందన్నారు షాపువాళ్లు. సరే, రంగు తప్పులో నా ఫోటోల పాలు కూడా ఉందని ఊరుకుని 13న బిగించేశాను.

మే 19న అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉండటానికి. నాన్న నలభై ఏళ్లు వడ్రంగం చేశాడు. తలుపులు, ద్వారబంధాలు, పందిరి మంచాలు. ఇప్పుడు చేతులు వణుకుతాయని బాడిస పట్టడం మానేశాడు. వచ్చిన రెండో రోజే గ్యారేజీలోకి వచ్చి స్టీరింగ్ మీద బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పి చూశాడు.

"ఇది ఏ చెక్కరా?"

"చెక్క కాదు నాన్నా, ప్లాస్టిక్. చెక్కలా ఉండాలని రంగు వేశారు."

"అదా సంగతి. చెట్టుకి ఇంత సమానంగా గీతలుంటాయా అనుకుంటున్నా."

అప్పటిదాకా నేను గమనించలేదు. షాపువాళ్ల చారలన్నీ ఒకే ముదురు, ఒకే ఎడం. దువ్వెనతో గీసినట్టు. నాన్న చెప్పాక ఇక అది తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు.

జూన్ 22న ఫ్రిస్కో హనుమాన్ గుడికి ఆ కారులోనే వెళ్లాం. రెండు గంటలు ఎండలో ఉంది. టెక్సస్ ఎండలో మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటడం మామూలే. తిరిగొచ్చి స్టీరింగ్ పట్టుకుంటే వేలికి ఏదో తగిలింది. ఎడమ స్పోకు దగ్గర వెంట్రుకంత పగులు. పాత పగులు ఉన్న చోటే. వారం తిరిగేసరికి ఇంకో రెండు కనిపించాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు సంగతి సరే, ఐదు నెలలు ఎదురుచూసింది ఎందుకు అన్న బాధే ఎక్కువ. షాపుకి ఫోన్ చేశాను. ఎండలో పెట్టిన కారుకి గ్యారంటీ వర్తించదన్నారు. కావాలంటే మళ్లీ పంపండి, పోస్టు ఖర్చు మీది, నాలుగు నెలలు పడుతుందన్నారు.

నేను ఫోన్ పెట్టేశాక నాన్న అన్నాడు, "మనమే చేద్దాం. నాకు నవంబరు దాకా పనేముంది?"

జూలై 6న మొదలుపెట్టాం. పగుళ్లు తవ్వి చూస్తే అసలు కారణం కనిపించింది. వాళ్లు పగులు లోపలి దాకా తెరవలేదు. పైపైన రెండు మిల్లీమీటర్ల లప్పం పెట్టి రంగు కొట్టేశారు. దాని కింద పాత పగులు ఉన్నట్టే ఉంది, ఉక్కు కమ్మి మీద తుప్పు కూడా అలాగే ఉంది. వేడికి ప్లాస్టిక్ కదిలితే పైన పలచటి లప్పం ఎలా ఆగుతుంది? ఎవరికైనా ఇచ్చేముందు మీరు అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే: పగులు కమ్మి దాకా తెరుస్తారా, లేదా?

మేం హాక్సా బ్లేడుతో ప్రతి పగులునీ పైన వెడల్పుగా కింద సన్నగా ఉండేలా కమ్మి కనిపించేదాకా తెరిచాం. తుప్పు వైర్ బ్రష్‌తో గీకాం. ఆ తర్వాత జిడ్డు తీసే పని. యాభై ఏడేళ్ల చేతుల చెమట, నూనె, కారు పాలిష్‌లో ఉండే మైనం ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయి ఉంటాయి. అవి పోకపోతే రంగు వేసినప్పుడు చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. మాకు పదకొండు గుడ్డలు పట్టాయి.

పీసీ-7 అనే, రెండు పాళ్లు కలిపితే గట్టిపడే ఎపాక్సీ ముద్ద వాడాం. జూలై 13న నింపాం. ఒక రోజులో గట్టిపడుతుందని డబ్బా మీద ఉంది. నాన్న వారం ఆగమన్నాడు. నేను ఎందుకని అడిగితే, "పచ్చి లప్పం మీద చిత్రిక పట్టకూడదురా, తర్వాత దిగుతుంది" అన్నాడు. ఆయన చెప్పింది చెక్క లప్పం గురించి, ఇది ఎపాక్సీ. అయినా ఆగాం. నున్నగా రుద్దాక 20న చూస్తే మూడు చోట్ల సన్నటి గుంటలు బయటపడ్డాయి, గాలి బుడగలు చిక్కుకున్నచోట. రెండోసారి నింపి ఇంకో వారం. తర్వాత ఉప్పు కాగితం, గరుకుది మొదలు నున్నదాని దాకా: 80, 180, 320, 400 నంబర్లు. చదును చెక్క వేరు, గుండ్రటి రిమ్ వేరు. కాగితాన్ని బూట్లు తుడిచే గుడ్డలా పట్టుకుని లాగాలి, లేకపోతే పలకలు పడతాయి. ఈ పని నాన్న చేశాడు. వణికే చేతులు ఉప్పు కాగితం పట్టుకోగానే నిలకడగా అయ్యాయి. అమ్మ కిటికీలోంచి చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

స్పోకులకి టేపు వేయడం చిన్న పనే అనుకున్నాను. మామూలు మాస్కింగ్ టేపు వేసి మూడు వారాలు ఉంచేశాను. తీసేటప్పుడు జిగురంతా స్టీలుకి అంటుకుపోయింది, అది వదిలించడానికి ఒక ఆదివారం పోయింది. ప్రతి దశకీ కొత్త టేపు వేయండి. అంచుకి సన్నటి ఫైన్‌లైన్ టేపు వాడితే గీత శుభ్రంగా వస్తుంది.

ఆగస్టు 3న ప్రైమర్, 10న అడుగు రంగు. అడుగు రంగు ముదురు గోధుమ అనుకుంటారు చాలామంది. కాదు, లేత రంగు వేయాలి, పసుపుకి దగ్గరగా. దాని మీద ముదురు రంగు పలచగా పూసి, ఆరకముందే బ్రష్‌తో లాగితే లేత రంగు చారలుగా బయటపడుతుంది. చెక్కలా కనిపించేది అలా. రంగు పోల్చుకోవడానికి ఈసారి ఫోటోలు చూడలేదు. గ్లవ్ బాక్స్ తలుపు ఊడదీసి పక్కన పెట్టుకున్నాం. దాని మీద వాల్‌నట్ రంగు ఎండ తగలని చోట ఇంకా బాగానే ఉంది.

చారలు వేయడం ఒక్కరోజులో నేర్చుకునే పని కాదు. నేరుగా చక్రం మీద మొదలుపెట్టబోతే నాన్న ఆపాడు. హార్డ్‌వేర్ షాపులో ముప్పావు అంగుళం పీవీసీ పైపు కొనుక్కొచ్చి అడుగు ముక్కలుగా కోసి, వాటికి అదే అడుగు రంగు వేసి, వాటి మీద సాధన చేశాం. మొదటి మూడూ మట్టి పూసినట్టు వచ్చాయి. బ్రష్ వెంట్రుకలు మరీ మెత్తగా ఉన్నాయి. గట్టివి తెస్తే షాపువాళ్ల గీతల్లాగే దువ్వెన గీతలు వచ్చాయి. ఆగస్టు 16న ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. కొబ్బరికాయలు కొట్టాక పీచు ఓ గిన్నెలో ఉంది. నాన్న గుప్పెడు పీచు తీసుకుని, దారంతో కట్టి, కత్తెరతో ఎగుడుదిగుడుగా కత్తిరించాడు. మర్నాడు దాంతో లాగితే, ఒక చార సన్నగా, ఒకటి లావుగా, మధ్యలో ఒకటి తెగిపోయి, మళ్లీ మొదలై. తొమ్మిదో పైపు మీద అచ్చం గ్లవ్ బాక్స్ తలుపు మీద ఉన్నట్టే వచ్చింది.

"చెట్టు పెరిగేటప్పుడు ఒక ఏడు వానలు బాగా పడితే పొర మందంగా వస్తుంది, కరువొస్తే సన్నగా వస్తుంది. చారలు ఒక పక్క దగ్గరగా, ఇంకో పక్క ఎడంగా ఉండాలి. అన్నీ ఒక్కలా ఉంటే కన్ను నమ్మదు" అన్నాడు. స్పోకు దగ్గర ఏం చేయాలో కూడా ఆయనే చెప్పాడు. చార అక్కడ ఆగకూడదు, స్పోకు కిందుగా దూరి అవతల తేలినట్టు ఉండాలి.

చక్రం మీద ఆగస్టు 17న మధ్యాహ్నం వేశాం. మొదటిసారి కుడి పక్క ముదురుగా వచ్చింది. రంగు ఆరకముందే మినరల్ స్పిరిట్స్ (నూనె రంగుని కరిగించే ద్రవం) అద్దిన గుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాం. అడుగు రంగు వారం ఆరి ఉంది కాబట్టి దానికి ఏమీ కాలేదు. ఈ వెసులుబాటు ఉందని తెలిశాక భయం పోయింది. నాలుగోసారికి కుదిరింది. ఇద్దరం గ్యారేజీ నేల మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాం. మా నాన్నతో కలిసి నేను ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చేయడం నా జీవితంలో అదే మొదలు. చిన్నప్పుడు ఆయన షెడ్డులోకి నన్ను రానిచ్చేవాడు కాదు, చదువుకోమని పంపేసేవాడు.

పై పూత మాత్రం ఇంట్లో వేయలేదు. ఎండకి తట్టుకునే రెండు పాళ్ల యురేథేన్ క్లియర్ (రంగులేని పూత)లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. మామూలు మాస్కు పెట్టుకుని గ్యారేజీలో కొడితే ఊపిరితిత్తులకి శాశ్వతంగా చెరుపు చేయగలవు. దగ్గర్లో ఉన్న ఒక కారు పెయింటర్ 160 డాలర్లకి ఒప్పుకున్నాడు. ఆయన చేసిన మంచి పని, చక్రం తీసుకోకుండా ముందు పీవీసీ ముక్క ఒకటి తెమ్మనడం. మూడు రోజులు ఆరిన ముక్క మీద క్లియర్ కొడితే చారల రంగు పాల మీద మీగడలా ముడతలు పడింది. నూనె రంగు పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల ఆరదు. ఇంకో పది రోజులయ్యాక ఇంకో ముక్క మీద కొడితే ఏమీ కాలేదు. అప్పుడు చక్రం ఇచ్చాను. ఆ పరీక్ష లేకపోతే నెలన్నర పని ఒక్క నిమిషంలో పోయేది. సెప్టెంబరు 5న నాలుగు పూతలు వేశాడు, వారం ఆరనిచ్చి 1500, 2000 కాగితంతో నీళ్లు పోస్తూ రుద్ది పాలిష్ పెట్టాడు.

రెండో విడత ఖర్చు: ఎపాక్సీ 19, ప్రైమర్ 28, ఉప్పు కాగితాలు 41, రంగులు 54, టేపులు 16, పెయింటర్ 160. మొత్తం 318 డాలర్లు.

21న బిగించాం. తెల్ల గీతలు కలిపి, నట్ బిగించి, హారన్ తగిలించి, ఇండికేటర్ వేసి మలుపు తిప్పి చూశాను, దానంతటది వెనక్కి వస్తోందా లేదా అని. వచ్చింది. నాన్నని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. ఆయన రెండు చేతులూ రిమ్ మీద పెట్టి, బొటనవేలితో ఎడమ స్పోకు దగ్గర పాత పగులున్న చోటు తడిమాడు. ఏమీ తగల్లేదు. కారు గ్యారేజీ దాటి ఎండలోకి తెచ్చాను. గ్లవ్ బాక్స్, స్టీరింగ్ ఒకే రంగులో ఉన్నాయి.

తర్వాత రెండు వారాలు రోజూ మధ్యాహ్నం కారుని ఎండలోనే ఉంచాను. ఇప్పటికైతే పగులు లేదు. తొమ్మిదో పైపు ముక్క నాన్న సూట్‌కేసులో ఉంది, చీరల మధ్య చుట్టిపెట్టి. తెనాలిలో తన షెడ్డు ఇప్పుడు నడుపుతున్న కుర్రాళ్లకి చూపించి, ఏ చెక్కో చెప్పమని అడుగుతాడట.